డాక్టరమ్మ మంచె

మొన్న బసంత్‌నగర్ వైపు వెళ్తూ దారిలో పోశం కొట్టు దగ్గర టీకి ఆగాను. కొట్టు వెనకాలే బొగ్గు యార్డు. కాంటా దాటిన లోడు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. నా పక్క బెంచీ మీద కూర్చున్న డ్రైవరు ఒకాయన ఫోన్‌లో ఊరంతా వినపడేటట్టు మాట్లాడుతున్నాడు. "ఆఁ, డాక్టరమ్మ మంచె కాడున్ననే. పట్టా గట్టుడు అయిపోంగనే ఎల్లుత."

పట్టా అంటే బొగ్గు మీద కప్పే టార్పాలిన్ పట్టా. అది తెలిసిందే. కానీ డాక్టరమ్మ అన్న మాట చెవిన పడేసరికి నా నోరు ఊరుకోలేదు.

"డాక్టరమ్మ మంచె ఏంది తమ్మీ?" అన్నాను.

"గదే కాక, గా ఇనుప మంచె. పట్టా గట్టేటోళ్ళు నిలవడ్తరు గద. అందరు గట్లనే అంటరు."

"ఏ డాక్టరమ్మ?"

"ఏమో మరి. నేను కొత్తగ వచ్చిన. ఎవరో అమ్మవారు గావచ్చు. బోనాలు గిట్ల చేస్తరేమో అడగలె."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రంజాన్ నెలలో కూడా ఉపవాసం విడిచే వేళకి ఎవడో కాలు విరిగి వచ్చాడని ఖర్జూరం నోట్లో పెట్టుకునే పరుగెత్తిన మనిషిని తీసుకెళ్ళి అమ్మవారిని చేశారు. ఆమెకి నిజంగా బోనమెత్తితే ఏం చేసేదో నాకు తెలుసు. ఎత్తుకున్నామెను ఆపి, "మెడ పట్టిందా? ఎట్ల ఎత్తినవు? మళ్ళొకసారి ఎత్తి చూపియ్యి" అనేది.

టీ వడపోస్తున్న పోశం నా వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. నడిస్తే కుంటుతాడు పోశం. ఆ కుంటడానికీ, ఆ మంచెకీ, ఆ డాక్టరమ్మకీ ఉన్న సంబంధం చెప్పకపోతే ఆ డ్రైవరు ఆమెకి కొబ్బరికాయ కొట్టేదాకా పోతాడని భయమేసింది. అందుకే చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ సగమే చెప్పాను. ఆయన లారీకి వరస వచ్చింది.

గోదావరిఖనిలో బొగ్గుగనుల పర్మినెంటు కార్మికులకి కంపెనీ దవాఖాన ఉంది. మిగతా అందరికీ, అంటే కాంట్రాక్టు కూలీలకి, లారీల మీద పనిచేసేవాళ్ళకి, ఆటోవాళ్ళకి, మెకానిక్కులకి మా ట్రస్టు దవాఖాన. అందులో నాది రాత పని. కోడింగ్ అంటారు. డాక్టర్లు మాటల్లో రాసిందాన్ని నేను అక్షరాలూ అంకెలూ ఉన్న కోడుల్లోకి మార్చాలి. ఏ ఎముక విరిగిందో దానికి ఒక కోడు, అది ఎట్లా విరిగిందో దానికి ఇంకో కోడు. ఎముక సంగతి ఎక్స్‌రే చెప్తుంది. ఎట్లా విరిగిందో మాత్రం మనిషే చెప్పాలి. మనిషి చెప్పడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ "కిందవడ్డ" అనేవాడు. చెయ్యి విరిగినా కిందవడ్డ, తల పగిలినా కిందవడ్డ. ఎక్కడ పడ్డాడు, ఏం చేస్తుంటే పడ్డాడు అన్నది ఉండేది కాదు. అట్లాంటివాటన్నిటికీ ఒకటే కోడు, డబ్ల్యూ పంతొమ్మిది. పడ్డాడు, వివరం తెలియదు అని దానర్థం. నెల తిరిగేసరికి పెద్దపల్లి జిల్లా ఆఫీసుకి గాయాల లెక్క పంపితే ఊరు ఊరంతా ఊరికే తూలి పడిపోతున్నట్టు ఉండేది.

అట్లాంటి రోజుల్లో వచ్చింది ఆమె, క్యాజువాలిటీ డాక్టరుగా. యాభై దాటిన మనిషి. లేత రంగు సల్వారు, భుజానికి పిన్ను పెట్టిన దుపట్టా, కింద మాత్రం పీటీ మాస్టరు తొడుక్కునే గుడ్డ బూట్లు. జేబులో ఎప్పుడూ వేయించిన మక్కపేలాలు ఉండేవి. రోగి నాడి చూస్తూనే రెండో చేత్తో నోట్లో వేసుకునేది. పుట్టింది మందమర్రిలో. ఇంట్లో దక్కనీ, బయట మన తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. ఆమె గొంతు క్యాజువాలిటీలో లేస్తే రికార్డు గదిలో నా టేబుల్ మీద గ్లాసు అదిరేది.

వచ్చిన కొత్తలోనే నా గదికి వచ్చి నిలబడింది.

"తమ్మీ, కోడులు రాసేది నువ్వేనా?"

"నేనే అమ్మా."

"ఈ పంతొమ్మిది గాడెవడు? ఏ కాయితం దీసినా వాడే ఉన్నడు. పనీపాట లేని ఇల్లరికపు అల్లుని లెక్క ఇంటినిండ వాడే కూసున్నడు."

నాకు ఒళ్ళు మండింది. అప్పటికి పొద్దుటినుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని నడుము పట్టేసింది. "నా మీద ఎగురుతరేందమ్మా? కిందవడ్డడు అని మీ డాక్టర్లు రాస్తే నేను కిందవడ్డడనే కోడు వేస్త. లేనిది ఎక్కడికెల్లి తేవాలె?" అన్నాను.

ఆమెకి కోపం వస్తుందనుకున్నాను. పిడికెడు మక్కపేలాలు తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. "కరెక్టే జెప్పినవు. నేను అడిగి రాసిస్త. నువ్వు పంతొమ్మిది గాన్ని ఎల్లగొట్టాలె. మాట మీద ఉంటవా?"

"ఉంట."

ఆ రోజునుంచీ క్యాజువాలిటీలో ఒక నాటకం మొదలైంది. ఆమెకి మాటలతో పని లేదు. "చేసి చూపియ్యి" అనేది. అంతే. మణికట్టు విరిగిన ముసలామె వచ్చి కిందవడ్డ బిడ్డా అంటే, "ఎట్ల వడ్డవు అవ్వా? బిందె పట్టుకున్నవా? ఇగో ఈ బకెట్ బిందె అనుకో. చేసి చూపియ్యి" అనేది. అవ్వ విరగని చేత్తో బకెట్ ఎత్తి, నీళ్ళ ట్యాంకర్ పైపు కోసం ముందుకి ఒంగి, పక్కనామె మోచేయి ఎట్లా తగిలిందో పక్కనున్న నర్సును పొడిచి మరీ చూపించేది. నర్సు కెవ్వుమనేది. డాక్టరమ్మ రాసుకునేది: నీళ్ళ ట్యాంకరు దగ్గర, తోపులాటలో. బండి జారి మోకాలు చీరుకుపోయినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి బండి నడపమనేది. వాడు నడిపి, "గిక్కడ అమ్మా, బొగ్గు బురదల బ్రేక్ కొట్టిన" అనేవాడు. అప్పటిదాకా వాడికీ తెలియదు, తప్పు బ్రేకుదో బురదదో.

కన్ను వాచి తలుపు తాకిందని వచ్చినవాణ్ణి తలుపు దగ్గరికి తీసుకెళ్ళి "తాకి చూపియ్యి" అంది ఒకసారి. వాడు మూడు రకాలుగా నిలబడ్డాడు. ఏ రకంగా నిలబడ్డా తలుపు కంటికి అందలేదు. చివరికి "దావత్‌ల దోస్తుగాడు గుద్దిండు" అని ఒప్పుకున్నాడు. దవాఖాన అంతా నవ్వింది. వాడూ నవ్వబోయి కన్ను నొప్పెట్టి ఆగిపోయాడు.

అందరినీ చూపించమనేది కాదు ఆమె. ఒకామె చెంప వాచి, చేతి మీద వేళ్ళ గుర్తులతో వచ్చింది. పక్కన మొగుడు. మెట్ల మీంచి పడ్డది అన్నాడు. డాక్టరమ్మ నవ్వనూ లేదు, ఎట్లా అని అడగనూ లేదు. మొగుణ్ణి మందుల చీటీతో వీధి చివరి షాపుకి పంపింది. తలుపు వేసి ఆ పిల్లకి మంచినీళ్ళు ఇచ్చి ఊరికే పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమె నా చేతికిచ్చిన కాగితంలో మెట్లు లేవు. ఆ అమ్మాయి సాయంత్రం వాళ్ళ అన్నతో వెళ్ళింది, మొగుడితో కాదు. ఎప్పుడు చూపించమనాలో, ఎప్పుడు అడగకుండా పక్కన కూర్చోవాలో ఆమెకి తెలుసు. ఆ తెలివికే నేను ఆమెకి దండం పెట్టింది, కోడులకి కాదు.

ఇక పోశం సంగతి.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పనిలో ఎవడికైనా దెబ్బ తగిలితే వాణ్ణి ఒక్కణ్ణే పంపరు. తోటివాళ్ళు నలుగురైదుగురు ఆటోలో వేసుకుని వస్తారు. ఆటో దవాఖాన గేటు దాటేలోపు మాట ఖాయమైపోతుంది. ఏం చెప్పాలో, ఎక్కడ అని చెప్పాలో. అందరూ ఒకటే చెప్తారు. ఇది మోసం అనుకోవద్దు. అది వాళ్ళ మర్యాద. తెల్లారితే అదే మేస్త్రి దగ్గరికి, అదే పనికి పోవాలి. పడ్డవాడి పని పోకుండా కాపాడటం మోసుకొచ్చినవాళ్ళ బాధ్యత అనుకుంటారు. దెబ్బ తగిలినవాడు మూలుగుతూ పడుకుంటాడు, మిగతా నలుగురూ వాడి తరఫున కిందపడతారు.

పోశాన్ని అట్లాగే తెచ్చారు. అప్పుడతను ఈ యార్డులోనే లారీల మీద పట్టా కట్టేవాడు. నొప్పికి పళ్ళు గిట్టకరిచి ఉన్నాడు. ముందు నిలబడింది అతని బామ్మర్ది సంపత్.

"ఏమైంది?" అంది డాక్టరమ్మ.

"బాత్రూంల జారిపడ్డడు డాక్టరమ్మా."

"నువ్వు జూసినవా?"

"చూడలె. చప్పుడిన్న."

మిగతావాళ్ళు కూడా చప్పుడు విన్నామన్నారు. ఆమె ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసింది. నన్ను కూడా పిలిచి చూపించింది, నాకేదో అర్థమవుతుందన్నట్టు. రెండు మడమలూ చితికిపోయి ఉన్నాయి.

"రెండు మడమలు ఒక్కసారే పోయినయి. ఎత్తుమీదికెల్లి నిలువున దిగినోనికి పోతయి గిట్ల. ఏం పోశం, మీ బాత్రూం మిద్దె మీద ఉందా?" అంది. పోశం కళ్ళు మూసుకున్నాడు. "ఖుదా దయ, వెన్నుపూస బచాయించింది. గది గిట్ల పోతే మంచం మీదనే నీ బతుకు" అంటూ వీపు తడిమింది.

సంపత్ మొహం పాలిపోయింది. అయినా మాట మార్చలేదు. "బాత్రూమే డాక్టరమ్మా" అన్నాడు.

"రేపటికెల్లి పోశం జాగల ఎవరెక్కుతరు?"

సంపత్ నేల చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు. పోశం జాగాలో ఎక్కబోయేది అతనే. పోశం పడ్డ చోటే, అదే బొగ్గు మీద, రేపు పొద్దున నిలబడబోతున్నాడు, ఆ చోటు పేరు కూడా చెప్పలేక. అతనికి అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. స్ట్రెచర్ బండి ఒకటి గది మధ్యకి లాగింది. దాని మీద దిండ్లు, దుప్పట్లు కుప్పగా పోసింది. ఆకుపచ్చ గుడ్డ ఒకటి తీసి దాని మీద పరిచి, కట్టు కట్టే గుడ్డపీలిక తాడులా పట్టుకుని కట్టడం మొదలుపెట్టింది. ఏం చేస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. గుడ్డ ఒక మూల లేచిపోయింది. తాడు అడ్డదిడ్డంగా తిప్పింది. ముడి వేస్తే అది ఊడిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఊడింది. చిన్నపిల్లలు కూడా అంతకంటే నయంగా కడతారు. చూస్తున్న సంపత్ చేతులు నిలవడం లేదు. కాసేపు ఓర్చుకున్నాడు. పెదవి కొరుక్కున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"గట్ల గాదు డాక్టరమ్మా" అన్నాడు.

"మరెట్ల?"

"తాడు ముందుగాల కొక్కానికి తగిలియ్యాలె. మీరు మీదున్న తాడు గుంజుతలేరు. గుంజకుంటే గాలికి లేస్తది పట్టా." గుడ్డపీలిక ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. చకచకా స్ట్రెచర్ బండి అంచుకి వేసి, అటునుంచి ఇటు తిప్పి, రెండు చేతులా పట్టుకుని గుంజుతూ వెనక్కి నడిచాడు. ఒకడుగు, ఇంకో అడుగు. గోడకి వీపు తగిలింది. ఆగిపోయాడు.

గోడకి ఆనుకుని, చేతిలో బిగుసుకున్న గుడ్డపీలికతో నిలబడి పోశం వైపు చూశాడు సంపత్. లారీ మీద వెనకాల గోడ ఉండదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ ఒకేసారి కనిపించింది.

"గట్లనే" అన్నాడు పోశం మంచం మీంచి. అదే అతను మొదటిసారి నోరు తెరవడం. "గట్లనే వెనుకకు నడుస్తాన. బొగ్గుపెల్ల కదిలింది కాలు కింద."

డాక్టరమ్మ అతని పక్కన కూర్చుంది. "పని పోతదని భయం. గంతే గదా?"

"మేస్త్రి మొత్తం బ్యాచునే తీసేస్తడు. వీడు ఇంకా కొత్త" అన్నాడు పోశం.

అప్పుడు ఆమె నా భుజం పట్టి ముందుకి తోసింది. "తమ్మీ, జిల్లాకు పోయే లెక్కల మనిషి పేరు రాస్తవా నువ్వు?"

"లేదమ్మా. పేరు పోదు. ఏం పని చేస్తుంటే, ఎక్కడ, ఎట్ల. గవే పోతయి."

"విన్నవా పోశం? నీ పేరు గీ గది దాటదు. నువ్వు చేసిన పని మాత్రం పెద్దపల్లి దాక పోతది."

అతను బామ్మర్ది వైపు చూశాడు. తర్వాత "రాసుకో సారూ" అన్నాడు నాతో. లారీ మీద, పట్టా కడుతుంటే, తాడు గుంజుతూ వెనక్కి నడుస్తూ పడ్డాడు. నా ఉద్యోగంలో నేను అంత తృప్తిగా రాసిన కోడు ఇంకోటి లేదు.

ఆ తర్వాత నా తల ప్రాణం తోకకొచ్చింది. మడమలు, మోకాళ్ళు, నడుము విరిగి అంతకుముందు వచ్చిపోయినవాళ్ళంతా మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు కదా. డాక్టరమ్మ ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టి మక్కపేలాలు పెట్టి అడిగేది. పోశమే చెప్పాడని సంపత్ వాళ్ళ చెవిన వేసేసరికి వాళ్ళకీ ధైర్యం వచ్చింది. అక్కా, నేను గూడ బాత్రూంల వడలె అనేవాళ్ళు సిగ్గుపడుతూ. నేను పాత కోడు తీసేసి కొత్తది వేసేవాణ్ణి. "పోయిండా పంతొమ్మిది గాడు?" అని అడిగేది. "పోయిండమ్మా" అంటే, ఆడపెళ్ళివాళ్ళు అల్లుణ్ణి సాగనంపినంత సంబరం ఆమె మొహంలో.

ఆ సారి జిల్లాకి పోయిన లెక్కలో పై వరసలో కొత్త మాట నిలబడింది. లారీ మీద పట్టా కడుతూ పడినవాళ్ళు. బొగ్గు యార్డు. ఊరంతా తూలి పడటం లేదు, ఒకే చోటినుంచి పడుతోంది అని అందరికీ తెలిసింది. పెద్దపల్లినుంచి ఆఫీసరు ఫోన్ చేసి, "ఇదేంటి, నిరుడు ఇట్లాంటి వరసే లేదే" అన్నాడు. ఫోన్ నా దగ్గర లాక్కుని, "నిరుడు గూడ ఉండె సార్. కనవడలె గంతే. వచ్చి చూడుండ్రి" అంది ఆమె.

ఆయన వచ్చాడు, యార్డుకి. మేమూ వెళ్ళాం. యార్డు కాంట్రాక్టరు తెల్ల చొక్కా వేసుకుని, అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించి సిద్ధంగా ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఒకప్పుడు తనూ లారీ క్లీనరే. ఆ గర్వం ఉంది మనిషికి.

"నా యార్డుల ఎవ్వడు వడడు సార్. మా పోరగాండ్లు కోతుల లెక్క ఎక్కుతరు దిగుతరు. ఇండ్లల్ల తాగి పడి యార్డు పేరు చెప్తరు. నేను ఎన్నేండ్లు కట్టిన పట్టాలు? నాకేమన్న అయ్యిందా?" అన్నాడు.

డాక్టరమ్మ కూల్‌డ్రింకు పక్కన పెట్టింది. "గంత అల్కటి పనా సేఠ్?"

"కండ్లు మూసుకొని చేస్త."

"కండ్లు తెరిచే చెయ్యి. చేసి చూపియ్యి."

ఆఫీసరు నవ్వాడు. డ్రైవర్లు, కూలీలు మూగారు. కాంట్రాక్టరుకి ఇక వెనక్కి తగ్గే దారి లేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఎక్కబోతుంటే ఆమె ఆపి, అతని నడుముకి లావుపాటి తాడు కట్టించింది. ఎందుకమ్మా అని విసుక్కున్నాడు. నాకోసం కట్టుకో అంది. తాడు రెండో కొస సంపత్ బ్యాచు పట్టుకుంది.

నిజం చెప్పాలి. బాగానే ఎక్కాడు. టైరు మీద కాలు పెట్టి, అంచు పట్టుకుని, ఒక్క ఊపులో బొగ్గు మీదికి. పాత ఒడుపు పోలేదు. పైన నిలబడి చూశారా అన్నట్టు చేతులు చాచాడు. పట్టా పరిచాడు. తాడు కొక్కానికి తగిలించాడు. కిందినుంచి ఆమె గొంతు వినపడింది.

"ఇగ గుంజాలె గదా సేఠ్. వెనుకకు నడువు."

ఒకడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. కాలు కింద బొగ్గుపెల్ల దొర్లింది. అతను దబ్బున చతికిలబడ్డాడు, లారీ అంచుకి జానెడు దూరంలో. నడుము తాడు బిగుసుకుంది. పెల్ల మాత్రం కిందికి వచ్చి, అందరి మధ్యలో పడి పగిలింది.

ఎవరూ నవ్వలేదు. అతను లేవలేదు. కూర్చున్నచోటే రెండు చేతులూ బొగ్గులో గుచ్చి పట్టుకున్నాడు. తెల్ల చొక్కా నల్లబడింది. కాసేపటికి, "ఎవరన్న చెయ్యియ్యిండ్రి" అన్నాడు మెల్లగా. సంపత్ ఎక్కి పట్టుకుని దించాడు.

నేనైతే అప్పుడు నాలుగు మాటలు అని కడుపు చల్లార్చుకునేవాణ్ణి. ఆమె అనలేదు. మంచినీళ్ళ సీసా అందించి, అతని పక్కన నేల మీద కూర్చుని, క్యాజువాలిటీలో అడిగినట్టే అడిగింది.

"ఏం చేస్తుంటే వడ్డవు?"

"తాడు గుంజుతుంటే."

"ఎక్కడ?"

"లారీ మీద."

ఆమె నా వైపు తిరిగింది. "తమ్మీ, విన్నవా?" అంది. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలకి కూడా అంత వెలుగు రాదు. ఆఫీసరు అక్కడే నిలబడి ఏం కట్టాలో మాట్లాడాడు. కాంట్రాక్టరు ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. ఎవరు పడ్డారని అడగలేదు, ఎవరు చెప్పారని అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి లేకుండా పోయింది.

కొన్నాళ్ళకి కాంటా పక్కన ఇనుప మంచె లేచింది. లారీ వచ్చి రెండు వరసల మధ్య నిలబడుతుంది. ఇటూ అటూ లారీ ఎత్తున నడిచే దారి, ఎక్కడానికి మెట్లు, వెనకాల నడుమెత్తు కటకటాలు. ఇక బొగ్గు మీద నిలబడే పని లేదు. పొలాలకాడ మంచె ఎక్కి పిట్టల్ని తోలిన కుటుంబాలవాళ్ళే కదా అందరూ, చూడగానే దాన్ని మంచె అన్నారు. డాక్టరమ్మది అన్నారు. ఆమెకి ఆ పేరు తెలిసినప్పుడు, "నా పేరు మీద పొలం గిట్ల రాయలేదు గానీ మంచె కట్టిండ్రా?" అని నవ్వీ నవ్వీ, గొంతులో పేలగింజ అడ్డంపడి దగ్గింది.

ఉద్యోగం అయిపోయాక మందమర్రిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఒకరోజు ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, ఆమెను ఆటోలో మా దవాఖానకే తెచ్చింది. నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. "ఖాలా కిందవడ్డది సార్" అంటోంది ఆ పిల్ల పెద్దమ్మని చూపిస్తూ, ఏడుస్తూ.

స్ట్రెచర్ మీంచి గొంతు లేచింది. "జూట్! కిందవడలె. జామచెట్టెక్కిన. కొమ్మ ఇరిగింది. తమ్మీ, సరిగ్గ రాయి, లేకుంటే లేచొచ్చి కొడ్త."

తుంటి ఎముక విరిగిన మనిషి. నొప్పికి నుదురంతా చెమట. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. "చెట్టు మీంచి పడితే డబ్ల్యూ పద్నాలుగు అమ్మా" అన్నాను.

"మంచిగుంది. అందరికి దొరుకుతదా గీ వయసుల?" అంది గర్వంగా. పక్కింటివాళ్ళ జామకాయ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

కోలుకుంది. కర్రతో నడిచింది. పోయిన వానాకాలంలో నిద్రలోనే పోయింది. మేం వెళ్ళేసరికి మందమర్రిలో జోరుగా వాన. ఇంటి ముందు జనానికి నీడ కోసం చుట్టుపక్కలవాళ్ళు టార్పాలిన్ పట్టా కట్టాలని తంటాలు పడుతున్నారు. ఒకవైపు కడితే ఇంకోవైపు లేచిపోతోంది. నీళ్ళు గుమ్మంలోకి కొడుతున్నాయి. యార్డువాళ్ళ లారీ వచ్చి ఆగింది. పోశం కుంటుకుంటూ దిగాడు. సంపత్ ఒక్క క్షణం నిలబడి చూశాడు.

"గట్ల గాదు" అన్నాడు.

అంతే, బ్యాచంతా కదిలింది. తాళ్ళు విసిరారు, గుంజారు, ముడులు వేశారు. కాసేపట్లో ఆ ఇంటి ముందు డప్పు తోలంత బిగువుగా పట్టా నిలబడింది. ఆమెను బయటికి తెచ్చినప్పుడు ఒక్క చుక్క మీద పడలేదు. ఆ ముడుల కింద నిలబడి నేను సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆ ఏడుపులో బాధ ఎంత ఉందో సంతోషం అంత ఉంది.

ఇదంతా ఆ డ్రైవరుకి చెప్పాలనుకున్నాను. జామచెట్టు దాకా రాకముందే ఆయన లారీకి పిలుపు వచ్చింది. లేస్తూ, "అయితే అమ్మవారు గాదన్నట్టు" అన్నాడు. "గాదు" అన్నాను. "మక్కపేలాలు తినే మనిషి" అన్నాడు పోశం గ్లాసులు కడుగుతూ.

లారీ వెళ్ళి మంచె మధ్య ఆగింది. పైన సంపత్ ఉన్నాడు. ఇప్పుడు అతనికి ఇద్దరు పిల్లలు, కొంచెం పొట్ట కూడా వచ్చింది. పట్టా పరిచాడు. తాడు కొక్కానికి తగిలించాడు. డ్రైవరుతో ఏదో పరాచికం ఆడుతూ, రెండు చేతులా గుంజుతూ వెనక్కి నడిచాడు. ఒకడుగు, ఇంకో అడుగు. కటకటాలకి వీపు తగిలింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. హాయిగా దానికే ఆనుకుని, పరాచికం పూర్తిచేసి, ముడి వేశాడు. నేను టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాను. నేను రాయాల్సినదేదీ అక్కడ జరగలేదు.